అరువు రాయబారులు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి సివిల్స్‌కు కోచింగ్ తీసుకునేదాన్ని. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నా గదిలోనే ఉండే అమ్మాయిది కృష్ణా జిల్లా. ఒకే ఇస్త్రీపెట్టె వాడుకునేవాళ్ళం. రోడ్డు మీద నినాదాలు మొదలైతే మాత్రం ఇద్దరం మాటలు ఆపేసేవాళ్ళం.

క్లాసులో చెప్పమని సార్ మా ఇద్దరికీ కలిపి ఒక అంశం ఇచ్చారు. ఐరోపా దేశాల కూటమి అప్పుడే కొత్తగా పెట్టుకున్న ఉమ్మడి దౌత్య విభాగం గురించి. ఏ దేశం రాయబారి ఆ దేశానికి ఉంటాడు. పైగా కూటమి మొత్తానికీ ఇంకొకరు. ఆ విభాగంలో కొందరు కూటమి సొంత ఉద్యోగులు, కొందరు సభ్యదేశాలు కొన్నేళ్ళకు పంపిన దౌత్యవేత్తలు. అలా వచ్చినవాళ్ళు తమ ప్రభుత్వం చెప్పినట్టు నడుచుకోకూడదని నిబంధన.

"గిదెట్ల నమ్ముతం? రేపు మళ్ల వాళ్ల దేశానికే పోయి నౌకరీ చెయ్యాలె గద. మనసు అటే ఉంటది," అన్నాను.

"అందరూ అలాగే ఉంటారా?"

"ఉంటరు."

నేనంటున్నది ఐరోపావాళ్ళ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఆమె డాబా మీదికి వెళ్ళి ఫోన్లో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. నేను కనిపిస్తే పెట్టేసేది. బంద్‌కు ముందురోజు సాయంత్రం గదికి వచ్చేసరికి ఆమె సూట్‌కేసు సర్ది ఉంది. ఇద్దరం కలిసి రాసిన నోట్స్ బల్ల మీద లేదు. నోట్స్‌తో సహా వెళ్ళిపోతోందనుకున్నాను. సూట్‌కేసు తెరిచి బట్టల కింద వెతుకుతుంటే ఆమె లోపలికి వచ్చింది. చేతిలో నోట్స్, దాని జిరాక్సు.

"రేపు షాపులుండవని చెరో కాపీ తీయించాను," అంది.

నేను సూట్‌కేసు మూత వేశాను. ఆమె మంచం మీద కూర్చుంది.

"నాన్నగారు వచ్చేయమంటున్నారు. క్లాసులో చెప్పాకే వస్తానన్నాను." సూట్‌కేసు వైపు చూసి, "నేనూ నీ డైరీ చదివాను. ఉద్యమం మీటింగులకు వెళ్తున్నావుగా, మా ఆంధ్రావాళ్ళ గురించి ఎవరికైనా చెబుతున్నావేమోనని," అంది.

"ఏం దొరికింది?"

"ఏమీ లేదు. అయినా భయం పోలేదు."

బంద్ అయ్యాక క్లాసు జరిగింది. దేశాల మధ్య మాట కుదరకపోతే ఉమ్మడి రాయబారి ఏం చెబుతాడని సార్ అడిగారు. నేను నోట్స్ తిరగేశాను.

"అందరూ ఒప్పుకున్నంత వరకే చెబుతాడు సార్," అని ఆమె అందుకుంది.

మర్నాడు ఎల్బీ నగర్ దాకా ఆమెతో వెళ్ళాను. ఆటోలో డ్రైవర్ "ఏ ఊరమ్మా?" అని ఆమెనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే "ఇద్దరిదీ నల్గొండనే," అన్నాను.

విజయవాడ బస్సెక్కే ముందు, "ఎందుకలా చెప్పావు?" అని అడిగింది.

"ఏమో. బుగులైంది."

"భయమా? నా కోసమా, నీ కోసమా?"

నాకూ తెలియదన్నాను.

నెల తర్వాత ఫోన్ చేసి విజయవాడలోనే కోచింగ్‌లో చేరానని చెప్పింది. తిరిగి రమ్మని నేను అనలేదు. అన్నా, మనస్ఫూర్తిగా అంటున్నానని ఆమె నమ్మేది కాదేమో.