రెఫరీ చూడని ఔట్

మొన్న మంగళవారం పొద్దున పేపరు ముందేసుకుని కూర్చున్నప్పుడు ఫోన్ మోగింది. మా ఆవిడ అన్న కూతురు. "మామా, నాయిన పోయిండు" అంది. మా బావ పోయాడు. కాశిబుగ్గ సందుల్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. మా జిల్లా విజ్ఞాన సర్వస్వంలో మాత్రం ఆయన లేడు. ఎందుకు లేడో నాకు తెలుసు కనుక చెబుతాను.

మా బావ కబడ్డీ ఆటగాడు. సరదాకు ఆడి మానేసిన రకం కాదు. వయసులో ఉన్నన్నాళ్లు ఒక మిల్లు జట్టుకు జీతం మీద ఆడాడు. ఇల్లు గడిచింది ఆ జీతంతోనే. మిల్లు మూతపడ్డాక వీధిలోని ఆడపిల్లలకు ఆట నేర్పాడు. పొద్దున్నే సున్నం డబ్బాతో వెళ్లి తానే గీతలు గీసేవాడు. గీత తొక్కితే ఔట్ కదా, ఆ భయం ఆయన కాళ్లలో ఇంకిపోయింది. రోడ్డు మీది తెల్లచారను కూడా తొక్కకుండా దాటేవాడు. ఒకసారి హన్మకొండ చౌరస్తాలో ఆటో అతను, "ఏం పెద్దమనిషీ, రోడ్డు దాటుతున్నవా, కాల్వ దుంకుతున్నవా?" అని అరిచాడు. "నీకు కనవడ్తలేదు గని బిడ్డా, కాల్వనే ఉన్నది" అని నవ్వాడు మా బావ.

ఇంకో అలవాటుండేది. ఎదుటివాడి వేలు తనకు తగిలిందని తెలిస్తే చాలు, రెఫరీ ఈల వేయకముందే చెయ్యెత్తి బయటికి నడిచేవాడు. సొంత జట్టువాళ్లే తిట్టేవాళ్లు. ధర్మసాగర్‌లో నేను చూస్తుండగానే ఒక ఫైనల్ అట్లాగే పోయింది.

ఇక సర్వస్వం సంగతి. దాని సంపాదకవర్గంలో నేనొకణ్ని. అధ్యక్షుడు రిటైరైన ప్రిన్సిపాల్. ఆటగాళ్లకు ఆయనే నియమం రాశాడు: జాతీయ పోటీల్లో కనీసం ఒక్కసారి బరిలోకి దిగి ఉండాలి. కవులకు ఏ నియమమూ లేదు. సొంత ఖర్చుతో అచ్చువేసుకుని పెళ్లిళ్లలో పంచిన పుస్తకం ఒక్కటుంటే చాలు. ఆయనకే రెండు పేజీలున్నాయి. ఆయన పుస్తకం నేను చదివాను. చివరిదాకా చదివినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

మా బావ పేరు ప్రతిపాదిస్తే, "ఆడినోళ్లనందర్ని ఎక్కిస్తే ఇది గ్రంథం కాదు, జాతరయితది" అన్నాడు అధ్యక్షుడు.

"గ్రంథాలున్నోళ్లకు ఇంకో గ్రంథమెందుకు సార్? ఎక్కడ దొరకనోళ్ల కోసమే గద ఇది" అన్నాను.

సమావేశం తర్వాత సమావేశం కొట్లాడాను. చివరకు ఒక సభ్యుడు పాత ఫొటో తెచ్చాడు. జాతీయ పోటీలకు వెళ్లిన రాష్ట్ర జట్టు, వెనక వరుసలో మా బావ. అధ్యక్షుడు మెత్తబడ్డాడు. మనిషిని పిలిచి వివరాలు రాసుకుందామన్నాడు.

ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు మా బావ. ఫొటో చూసి మురిసిపోయాడు. పక్కనున్నవాళ్ల మీద జోకులు చెప్పాడు.

"ఈ పోటీల్ల ఆడిన్రు కదా?" అధ్యక్షుడు కలం తీశాడు.

"పోయిన సార్. కని కోర్టుల దిగలె. అన్ని మ్యాచులు బెంచి మీదనే ఉన్న."

నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. ఆయన నా వైపు చూశాడు. కుడిచెయ్యి పైకెత్తి, లేచి, బయటికి నడిచాడు.

దారిలో స్కూటర్ మీద నేను ఊరుకోలేదు. "మాట్లాడకుంటే ఏం పోతుండె బావా? ఎవనికి ఎరుక?"

"రెఫరీ చూడకుంటే ముట్టకున్నట్టా?" అన్నాడు వెనక నుంచి.

"నీ కోసం ఎంతమందితోని కొట్లాడిన!"

"కొట్లాడినవు. పట్టు మంచిగనే పట్టినవ్. జర బండి ఆపు, మిర్చి తిందం."

అంత్యక్రియలకు అధ్యక్షుడు పెద్ద దండతో వచ్చాడు. జిల్లాకు తీరని లోటని విలేకరికి చెప్పాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "రెండో ముద్రణ వస్తాంది. ఫొటో ఉన్నది గద, పెడదాం. ఇప్పుడు కాదనెటోడు ఎవడున్నడు?" అన్నాడు.

"నేనున్న సార్. పెడదాం, కని బెంచి మీద కూసున్నడని గుడ రాసి పెడదాం. దానికి మీ రూల్ ఒప్పుకోదు. రూల్ మార్చున్రి."

ఆలోచిద్దామని కారెక్కాడు. నేను ఆలోచించాల్సింది లేదు. వ్యాసం రాసి పంపాను. "జీతం మీద కబడ్డీ ఆడాడు. ఆట నేర్పాడు. జాతీయ పోటీలకు వెళ్లి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ సంగతి తానే చెప్పాడు." ఆ పుస్తకం ప్రూఫులన్నీ దిద్దినవాణ్ని నేను. అందులో ఎవరి గురించీ ఇట్లాంటి వాక్యం లేదు. అచ్చువేస్తే ఆ పుస్తకానికే మర్యాద.

నాకు మాత్రం ధర్మసాగర్ మైదానమే కళ్లముందు ఆడుతోంది. జనమంతా "వాపస్ రా, వాపస్ రా" అని కేకలు వేస్తున్నారు. రెఫరీ ఈల నోట్లో పెట్టుకుని, ఊదాలా వద్దా తెలియక ఆయన్నే చూస్తున్నాడు. సున్నపు గీతకు అవతల మా బావ నిలబడి ఉన్నాడు. ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.