ప్లేడే నాడు పడిన డ్యూటీ

తెలంగాణ రావడానికి రెండేళ్ళ ముందు జూన్‌లో, గోదావరిఖనిలోని ఒక చిన్న పాటల హాలులో ప్రోగ్రాం అసిస్టెంటుగా చేరాను. అప్పటికి డిగ్రీ అయి, పెళ్ళి కూడా అయింది. పాప పుట్టడంతో ఆ ఉద్యోగం ముగిసింది. చివరి రోజు శాలువా కప్పి పంపారు కాబట్టి దీన్ని రిటైర్మెంటు కిందే లెక్క వేసుకుంటున్నాను. పాప నిద్రపోయాక దొరికే కాస్త సమయంలో, అలాంటి హాలు ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం ఒక సంగతి రాస్తున్నాను.

హాలు ఒక సిమెంటు దుకాణం మీద మొదటి అంతస్తులో ఉండేది. వంద కుర్చీలు పట్టే చోటు. ఊళ్ళోని కొందరు పెద్దలు కలిసి పెట్టుకున్న ట్రస్టు దాన్ని నడిపేది. మేనేజరు దేవదానం సార్, బొగ్గు కంపెనీలో క్లర్కుగా చేసి దిగిపోయినవారు, అంటే రిటైరైనవారు. సౌండ్ చూసే ఖాజా భాయ్ హోదాలో నాతో సమానం, అనుభవంలో నాకంటే చాలా పైన. నా పని రాబోయే కార్యక్రమాలు. తేదీ ఖాయం చేయడం, మైకుకు పోలీసు పర్మిషన్ తేవడం, లోకల్ కేబుల్లో స్క్రోలింగ్ వేయించడం, రెండు రోజుల ముందు నుంచి ఆటోలో మైకు తిప్పించడం, మెట్ల దగ్గరి నల్లబోర్డు మీద ఆ నెల కార్యక్రమాలు సుద్దతో రాయడం.

మా దగ్గర వాయించేవాళ్ళు దాదాపు అందరూ సినిమా పాటల ఆర్కెస్ట్రాలవాళ్ళే. సొంత పాటలు కట్టుకుని వచ్చినవాళ్ళు ఒక్క ముగ్గురే. ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే సుజన్ పాడుతూ గిటారు వాయించేవాడు. తిరుపతి కీబోర్డు, ఓదెలు డ్రమ్స్. ఏడాదిపాటు సుజన్ వాళ్ళింటి వెనక రేకుల షెడ్డులో సాధన చేసి, మొదటి ప్రోగ్రాం మా హాలులోనే అని పట్టుబట్టారు.

ఓదెలు గనిలో బదిలీ వర్కరు. అంటే ఇంకా పర్మనెంటు కానివాడు. ఏడాదిలో కంపెనీ పెట్టిన లెక్క ప్రకారం మస్టర్లు, అంటే హాజర్లు, పడితేనే పర్మనెంటుకు పేరు వెళుతుంది. ఆ ఎండాకాలం అతనికి కామెర్లు వచ్చి చాలా మస్టర్లు పోయాయి. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అందుకే ప్రోగ్రాం ఆదివారం సాయంత్రం ఆరింటికి పెట్టాం. ఆదివారం గనులకు ప్లేడే, వారపు సెలవు. ఏ షిఫ్టు వాడైనా ఆ రోజు ఖాళీగానే ఉంటాడన్నది ఇక్కడ అందరి లెక్క.

శనివారం మధ్యాహ్నం, అప్పటికే నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది, ఓదెలు తడిసిన బట్టలతోనే హాలుకు వచ్చాడు. సుజన్ స్టేజీ మీద తీగలు సరిచూసుకుంటున్నాడు.

“మేడం, పేరు పడ్డది. రేపు సెకండు షిఫ్టు, పంపుల కాడ” అన్నాడు.

ప్లేడే రోజు బొగ్గు తీయరు గానీ, ఊరే నీటిని తోడకపోతే సోమవారానికి పని జాగాలు మునుగుతాయి. వానాకాలంలో అందుకని కొందరికి డ్యూటీ వేస్తారు. ఆ రోజుకు జీతం రెట్టింపు కాబట్టి వద్దనేవాళ్ళు ఉండరు. ఇంకెవరికైనా ఇచ్చేయకూడదా అని అడిగాను. ఓదెలు నేల చూస్తూ చెప్పాడు. “నేనే అడిగిన మేడం. నెల రోజుల సంది సూపర్‌వైజర్ ఎంటబడి తిరుగుతున్న, ప్లేడే ఇయ్యి సార్, మస్టర్లు తక్కువున్నయని. ఇయ్యాల ఇచ్చిండు. ఇప్పుడు వద్దంటె మళ్ల నా మొఖం జూడడు.”

సుజన్ గిటారు కింద పెట్టాడు. “పోగ్రాం ఉన్నదని తెలిసి అడిగినవా?”

“పోగ్రాం ఖాయం కాకముందే అడుగుడు మొదలువెట్టిన. ఇయ్యడనుకున్న.”

“ఇయ్యడనుకున్నడట! ఏడాది సంది షెడ్డుల చెమటలు గక్కింది గిందుకేనా బావా?”

వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి అలాగే పిలుచుకునేవారు.

వేరే డ్రమ్మరును పిలుద్దామని నేనన్నాను. ఆర్కెస్ట్రాల్లో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సుజన్ వినలేదు. దానికి కారణం ఉంది. వాళ్ళ పాటల్లో ముఖ్యమైనది హాలేజీ గంటలతో మొదలవుతుంది. గనిలో తాడు కట్టి బొగ్గు టబ్బులను లాగే యంత్రాన్ని హాలేజీ అంటారు. దాన్ని నడిపేవాడికి లోపలి నుంచి గంటలు కొట్టి చెబుతారు, ఆపమని ఒక తీరు, లాగమని ఒక తీరు. ఓదెలు ఆ గంటలను డ్రమ్ము అంచు మీద కొట్టి పాట ఎత్తుకుంటాడు. “వేరేటోడు కొడితే ఖని మనుషులు నవ్వుతరు మేడం. ఆపుమన్న గంటకు లాగుతడు వాడు” అన్నాడు సుజన్.

ఇంతలో ఓదెలు భార్య రజిత మెట్లెక్కి వచ్చింది. మొగుడు డ్యూటీ కాదని వస్తాడేమోనని భయం. నా ఎదుట కుర్చీలో కూర్చుని, గొంతు పెంచకుండానే అంది: “అక్కా, మీ బోర్డు మీద పేరు రాస్తె పర్మనెంటు జేస్తరా? కామెర్లొచ్చి పండుకున్నన్ని రోజులు మంచం కాడ నేనే ఉన్న. ఇంకొక్క మస్టరు గూడ పోనియ్య.”

దేవదానం సార్ కళ్ళద్దాలు తుడుచుకుని, డ్యూటీ మారదు గానీ టైము మారుతుంది కదా అన్నారు. సెకండు షిఫ్టు మూడింటికి. ఓదెలు రెండింటికి కదిలితే చాలు. పన్నెండింటికి మొదలుపెడదాం. రజిత, “రెండంటె రెండే. నేను గీ తలుపు కాడనే నిలవడుత” అంది.

కేలండర్లో ఆరు కొట్టేసి పన్నెండు రాసుకోవడం తేలిక. మిగతాదంతా నా మీద పడింది. అప్పుడు నాకు ఐదో నెల. పోలీసు పర్మిషన్ కాగితం మీద సాయంత్రం అని ఉంది. స్టేషన్ రైటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “పగటీలి పాటలేంది మేడం? ఆయితారం అందరి ఇండ్లల్ల మటను కుక్కర్లు కూస్తుంటయి. మీ పాట ఎవలకు ఇనవడుతది?” అన్నాడు. అన్నాక ముద్ర వేశాడు. ఆదివారం పగలు కరెంటు కోత. పక్కనే పవర్‌హౌసు పొగ కనిపించే ఊరే అయినా, కంపెనీ కాలనీలు దాటితే కోతలు తప్పవు. ఖాజా భాయ్ జనరేటర్ వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆటోలో తిరిగే మైకులో సాయంత్రం ఆరు అని రికార్డు చేసి ఉంది. మళ్ళీ రికార్డు చేయించే సమయం లేక నేనే ఆటోలో కూర్చుని, వానజల్లు మీద పడుతుంటే చౌరస్తా నుంచి కాలనీల దాకా చెప్పుకుంటూ పోయాను. ఇంటికి వెళ్ళేసరికి అత్తమ్మ గుమ్మంలో ఉంది. “కడుపు పట్టుకొని ఆటోల తిరుగుడేంది? మీ కోడలు మైకుల ఒర్రుతాందని వాడకట్టంత అంటాండ్రు” అంది. నడుము నొప్పికి ఏదో కాచి ఇచ్చింది కూడా.

ఆదివారం పదకొండింటికి సౌండ్ చెక్. ప్రతి వాయిద్యాన్నీ విడిగా మోగించి, ఏది ఎంత వినిపించాలో సరిచేసుకోవడం అది. తర్వాత సెట్, అంటే పాటల వరుస, మార్చాలి. గంటల పాట చివరన పెట్టుకున్నారు. ఓదెలు ఉండగానే అది కావాలి గనక ముందుకు తేవాలి. రెండో అరగంటలో పెడదామని నేనన్నాను. రజిత నిలబడ్డ వైపు చూసి ఓదెలు ఒప్పుకోలేదు. జనరేటర్ ఆగినా, ఆలస్యమైనా ఆ పాటే పోతుందన్నాడు. సుజన్ విసుగ్గా, “అయితె మొదలే కొట్టు బావా, ఒడిసిపోతది” అన్నాడు.

పన్నెండింటికి హాలులో పదిహేను మంది కూడా లేరు. ముందు వరుసలో నలుగురైదుగురు దిగిపోయిన కార్మికులు. వెనక తిరుపతి చుట్టాలు. సుజన్ పాడే చర్చిలో ప్రార్థన ముగియడానికి ఇంకా సమయం ఉంది. అతని వైపు రావాల్సిన వాళ్ళంతా అక్కడే ఉన్నారు. శనివారం రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చినవాళ్ళు నిద్రలో ఉన్నారు. ఆగుదామా అని సార్ వైపు చూశాను. ఆయన గడియారం చూసి, మొదలుపెట్టమని చెయ్యి ఊపారు.

ఓదెలు గంటలు కొట్టాడు. ముందు వరుసలోని ఒక ముసలాయన, దగ్గు ఆపుకుని, పక్కవాడితో పైకే అనడం మొదలుపెట్టాడు. “దించుమంటాండు... ఆపుమన్నడు... ఇగో, మనుషులెక్కిండ్రు, మెల్లగ లాగుమంటాండు.” ఆ మాట మీదే పాట ఎత్తుకున్నారు. షెడ్డులో రెండు మూడు సార్లు విన్న పాటే, కానీ ఆ రోజు వాయించినంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఖాజా భాయ్ మీటల మీద చేతులు పెట్టి వాటిని కదిలించకుండా వింటూ ఉండిపోయాడు. పాట అయ్యాక చప్పట్లు విడివిడిగా, ఎవరివి వాళ్ళవిగా వినిపించాయి.

ఒంటిగంట దాటాక చర్చి నుంచి జనం వచ్చారు. గొడుగులు మెట్ల మీద దులుపుకుంటూ, పిల్లలతో, పళ్ళేలు కడిగి వచ్చిన ఆడవాళ్ళతో హాలు నిండింది. గోడవార నిలబడ్డారు కూడా. రెండింటికి ఇంకో పది నిమిషాలు ఉందనగా వెనక నుంచి ఒకరు కేకేశారు, “గంటల పాట ఎప్పుడన్నా?” అయిపోయిందని సుజన్ మైకులో చెప్పాడు. “మేమొచ్చినంక ఎట్ల ఒడిసె? మళ్ల కొట్టుండ్రి!” అని నలుగురు అందుకున్నారు. హాలంతా బల్లలు చరుస్తున్నట్టు కుర్చీల చేతులు చరిచింది.

ఆ పాట పది నిమిషాల పైనే ఉంటుంది. సుజన్ గిటారు మీద దాని మొదటి స్వరాలు మెల్లగా మీటాడు. ఓదెలు వైపు మాత్రం చూడలేదు. ఓదెలు పుల్లలు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. తలుపు దగ్గర రజిత, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో అతని బూట్లు. ప్లేడే రోజు కంపెనీ బస్సు ఉండదు, వానలో బండి మీద పోవాలి. ఓదెలు పుల్లలు డ్రమ్ము మీద అడ్డంగా పెట్టి, లేచి, జనానికి దండం పెట్టి దిగిపోయాడు. కొందరు ఈలలు వేశారు. “పెండ్లాం పిలిస్తె ఉరుకుతాండు!” అని ఒకడు నవ్వాడు. ముందు వరుసలోని ముసలాయన వెనక్కి తిరిగి, “డ్యూటీకి పోతాండు, నోరు మూయ్” అన్నాడు.

మిగిలిన రెండు పాటలూ డ్రమ్స్ లేకుండా పాడారు. బాగాలేవు. రెండో పాట అయ్యేలోపే జనం సగం లేచారు.

ఓదెలుకు ఆ రోజు మస్టరు పడింది. మరుసటి ఏడాది పర్మనెంటు అయ్యాడని రజిత స్వీట్లు తెచ్చి ఇచ్చింది, అప్పటికి పాప నా ఒళ్ళో ఉంది. ఆ ముగ్గురూ మళ్ళీ కలిసి వాయించలేదు. ఏ గొడవా జరగలేదు. రిహార్సల్ పెడదామని సుజన్ అడిగిన వారాల్లో ఓదెలుకు సెకండు షిఫ్టో నైటు షిఫ్టో ఉండేది, తర్వాత సుజన్ అడగడం మానేశాడు.

ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ పనితీరు కొంత మార్చుకున్నాను. వాయించేవాళ్ళలో గని మనిషి ఉంటే, శనివారం డ్యూటీ పేర్లు పడేదాకా ఆటో తిప్పించలేదు. టైము మార్చమని ఎవరైనా అడిగితే, హాలు మారుస్తుంది గానీ మీ పాట వినాల్సినవాళ్ళు ఆ టైముకు రాకపోవచ్చని, వచ్చేసరికి అది అయిపోయి ఉండవచ్చని ముందే చెప్పేదాన్ని. కొందరు తేదీనే వదులుకున్నారు. కొందరు మార్చిన టైముకే వాయించి వెళ్ళారు. రెంటిలో ఏది సరైనదో చెప్పే పని ప్రోగ్రాం అసిస్టెంటుది కాదని ఆ ఆదివారం నాకు తెలిసింది. తేల్చుకోవలసింది వాయించేవాడు. అతను తేల్చుకునేలోపు, దేన్ని వదులుకోవలసి వస్తుందో అతనికి తెలిసి ఉండేలా చూడటం వరకే నా పని.