షాహీన్ ఏడుపుకు మనం పెట్టిన పేరు

ఈ రోజు మా అమ్మాయిని నెల్లూరులో డాక్టరుకు చూపించాను. నెలసరికి ముందు ప్రతిసారీ దానికి ఆగని ఏడుపు. మా ఊరు అల్లూరు నుంచి తోడుగా మా పక్కింటి ఫాతిమక్క వచ్చింది.

"సోంపు కషాయం తాపిస్తే తగ్గదా డాక్టరమ్మా?" అని అక్క అడిగింది.

"నెలసరి నొప్పి కొందరికి కాస్త తగ్గొచ్చు, గట్టి రుజువులైతే లేవు. ఇంత ఏడుపుకు మాత్రం వైద్యం కావాలి," అన్నారామె.

తిరుగు బస్సులో కోవూరు దాటాక అక్క మెల్లగా అంది. "మా కూతురు షాహీన్ కూడా ఇట్లే ఏడ్చేది. కషాయం తాపి, పొగరని తిట్టినాం. అత్తోళ్లు పిచ్చిదని వదిలేసినారు. ఇప్పుడు నాతో మాట్లాడదు."

ఇల్లు చేరగానే అక్క షాహీన్‌కు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఎత్తలేదు.

ఈ బాధను మా వీధిలో పొగరంటారు. మీ ఇంట్లో ఏమంటారు?