స్టేడియం కొలతలో దొరకని రాయి

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, హిందూపురంలోని ఒక యూనివర్సిటీ వాళ్లు నన్ను పిలిపించారు. ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలట. ఎక్కడ కట్టాలో తేలడం లేదట. మూడు చోట్లు కొలిచి, మైదానం ఎక్కడ పడుతుందో రాసిమ్మన్నారు.

నేను చదివింది ఐదో తరగతి. పెనుకొండ చుట్టుపక్కల సర్వే పనుల్లో చైన్‌మన్‌గా చేరాను. చైన్‌మన్ అంటే సర్వేయరు ముందు ఇనుప గొలుసు లాగేవాడు, హద్దు రాళ్ల చుట్టూ పెరిగిన కంప కొట్టేవాడు, ఇరువైపుల రైతుల తిట్లూ తినేవాడు. గొలుసు లాగుతూనే లెక్కలు నేర్చుకున్నాను. పాత రికార్డుల్లోని ఇంగ్లిషు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. రిటైరయ్యాక హిందూపురంలో ప్రైవేటుగా కొలతలు వేస్తున్నాను. ఏ గట్టు ఏ ఏడు ఎటు జరిగిందో నాకు గుర్తుంటుంది. ఆ గుర్తే ఈ కేసులో నా మెడకు చుట్టుకుంది.

ఫుట్‌బాల్ మైదానం పొడవు నూటైదు మీటర్లు, వెడల్పు అరవై ఎనిమిది. పరుగెత్తేవాళ్లు ఆగడానికి చుట్టూ మరికొంత ఖాళీ కావాలి. దాన్ని రన్ ఆఫ్ అంటారు. పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. లేకపోతే సాయంత్రం ఆటలో ఒక గోల్‌కీపరు కళ్లలోకి పొద్దు కొడుతుంది. ఈ సంగతి స్టేడియం కోసం వేసిన కమిటీలో ఒకరిద్దరికి తప్ప తెలియదు. నేను లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను.

ధర్మవరం దగ్గర ఒక పట్టుచీరల వ్యాపారి ఇస్తానన్న నేల గుట్ట పక్కన ఉంది. అడుగు తవ్వితే బండ. పెనుకొండ రోడ్డు మీద యూనివర్సిటీ లీజుకు తీసుకున్న బంజరు బాగానే ఉంది కానీ వెడల్పు చాలలేదు. తూర్పున ఓబులమ్మ అనే ఆమె మల్బరీ తోట అడ్డం. ఆమె అమ్మనంది. ఇక మిగిలింది హిందూపురంలోనే, హాస్టళ్ల వెనకున్న జాగా. అందులో పదకొండు మీటర్లు తక్కువ. ఆ పదకొండు మీటర్లలో పెద్ద సార్ల కార్ల షెడ్డు ఉంది. షెడ్డు తీస్తే మైదానం నిక్షేపంగా పడుతుంది, పిల్లలు క్లాసు కాగానే నడిచిపోయి ఆడుకోవచ్చు అని రాసిచ్చాను.

మీటింగులో ఆటల సారు ఒక్కడు నా కాగితం పట్టుకుని మాట్లాడాడు. మిగతావాళ్లు షెడ్డు అనే మాట చెవిన పడనట్టే కూర్చున్నారు. గంటసేపు ఊరు మంచిదా, రోడ్డు మంచిదా, గుట్ట మంచిదా అని వాదించుకున్నారు. చివరికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు గోడ మీద డ్రోన్ ఫొటో వేశాడు. ఓబులమ్మ తోట గట్టు ఒకచోట బంజరులోకి పొట్టలా ముందుకు వచ్చినట్టు కనిపించింది. ఆ పొట్టలోనే ఆమె బోరు ఉంది. ఇది ఆక్రమణ అన్నాడు. ఇది తీసుకుంటే వెడల్పు సరిపోతుంది అన్నాడు.

ఇలాంటి తగాదాకు ఎఫ్ఎంబీ చూడాలి. ప్రతి సర్వే నంబరుకూ కొలతలతో గీసిన పటాల పుస్తకం అది. ఆ పొలం పటంలో సరిగ్గా ఆ అంచునే చెదలు తినేశాయి. కానీ ఇంజనీరు ఇంకో కాగితం సంపాదించాడు. నలభై ఏళ్ల కిందటి రాళ్ల తనిఖీ పట్టీ. ఆ గట్టు మూలన హద్దు చూపే సర్వే రాయి 'ఉంది, బాగుంది' అని అందులో రాసి ఉంది. కింద సర్వేయరు సంతకం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. దాని కింద చైన్‌మన్ సంతకం. అది నాది.

ఇంజనీరు తర్కం నున్నగా ఉంది. అప్పట్లో రాయి ఉందని రికార్డు చెబుతోంది. ఇప్పుడు లేదు. అంటే ఎవరో పీకేశారు. పీకితే ఎవరికి లాభం? ఓబులమ్మకే. రాయి పీకి గట్టు ముందుకు జరుపుకుంది. సర్వే రాయి పీకడం నేరం కూడా.

పట్టీ చేతికి తీసుకుని నా సంతకం చూశాను. ఆ రోజు సంగతి నాకు తెలుసు. మే నెల. సర్వేయరూ నేనూ ఓబులమ్మ మామగారి మోటారు గది నీడన కూలబడ్డాం. రాయి లేదని రాస్తే నోటీసు ఇవ్వాలి, మళ్లీ కొలవాలి, కొత్త రాయి తెచ్చి నాటాలి. మూడు రోజుల పని. ఉందని రాస్తే అక్కడితో అయిపోతుంది. ఇలాంటిదాన్ని మాలో మేము నీడ తనిఖీ అని చెప్పుకునేవాళ్లం. నీడన కూర్చునే మొత్తం పట్టీ నింపాం. లేదని ఆ రోజే రాసి ఉంటే ఆ గట్టు మీదే కొత్త రాయి నాటేవాళ్లం. ఆ రాయే ఈరోజు ఆమెకు సాక్ష్యం అయ్యేది.

మరునాడు బస్సెక్కి ఆమె దగ్గరికి పోయాను. ఓబులమ్మకు అరవై దాటి ఉంటాయి. భర్త లేడు. పట్టుపురుగులు పెంచి, గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసుకుని బతుకుతోంది. పురుగుల తట్టల్లో ఆకు పరుస్తూ విన్నది.

"నేను పీకినానంటనా? నేను కాపురానికొచ్చినప్పుడే ఆడ రాయి లేదన్నా. మా మామ కిత్తనార ముళ్లచెట్లు నాటింటే అదే గట్టు."

పట్టీ మీద సంతకం నాదేనని చెప్పాను. ఆమె చేతిలో ఆకు అట్లే ఉండిపోయింది.

"ఆ పొద్దు మీకు మజ్జిగ తెచ్చిచ్చింది నేనే," అంది. "ఇద్దరూ రెండ్రెండు చెంబులు తాగితిరి."

రెండో మీటింగుకు ఆమెను వెంటబెట్టుకుని పోయాను. కుర్చీ చూపించేవాడు లేడు. అందరి ముందూ నిలబడి చెప్పాను. ఆ రోజు మేము ఆ మూలకు పోలేదు, చూడకుండా రాశాం, ఆ తర్వాత దారిన పోతూ చూస్తే అక్కడ కిత్తనార గట్టు తప్ప రాయి లేదు, ఆ తప్పు నాది అని. రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. యూనివర్సిటీ రిజిస్ట్రారు మా ప్రాంతంవాడే. నవ్వాడు.

"ఏమప్పా పెద్దాయనా, ఉండాదని రాసింది అబద్ధమా, లేదని ఇప్పుడు చెప్పేది అబద్ధమా? ఏదో ఒగటి తేల్చు."

హాలంతా నవ్వింది. నా సంతకం సత్యమట, నేను మాత్రం అబద్ధమట. చదువుకున్నవాళ్లు ఇంతమంది ఉన్నారు, లేని రాయి కోసం ఉన్న మనిషిని దొంగను చేస్తున్నారే అని ఒక్కరికీ అనిపించలేదు. ఓబులమ్మ మాత్రం తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మీ కార్లకు నీడ గావల్ల. నా పురుగులకు ఆకు అక్కర్లేదా సార్?"

 ఆటల సారు తల వంచుకున్నాడు.

నెల తిరగకుండా ముళ్లకంచె పడింది. బోరు కంచె లోపలికి పోయింది. ఆమె పుట్టపర్తి కలెక్టరేటు చుట్టూ తిరిగి అర్జీలు పెట్టింది. నా వాంగ్మూలం కూడా జత చేశాం. రికార్డు ఉంది కదా అన్నారు. వాయిదాలు పడుతూనే ఉన్నాయి. నీళ్లు లేక మల్బరీ ఆ వేసవికే ఎండింది. పురుగుల తట్టలు గోడకు ఆనించి పెట్టేసింది.

స్టేడియం కట్టారా అంటే, లేదు. ఎవరో పెద్దమనిషి చెప్పాడని చర్చ మళ్లీ ధర్మవరం గుట్ట దగ్గరికి పోయింది. అక్కడ బండ పగలగొట్టలేక మళ్లీ వెనక్కి వచ్చింది. ఇప్పటికీ మీటింగులు జరుగుతున్నాయని విన్నాను. పిల్లలు హాస్టళ్ల వెనక సగం మైదానంలోనే ఆడుతున్నారు. బంతి షెడ్డు మీద పడితే వాచ్‌మన్ తిడతాడు. కంచె తీసేయమని ఓబులమ్మ అడగబోతే, ఎప్పటికైనా పనికొస్తుందిలే అన్నారట.

పోయిన నెల నేను టేపు తీసుకుని అక్కడికి పోయాను. ఎందుకొచ్చానని ఓబులమ్మ అడగలేదు. కూలిన మోటారు గదికి ఇంకా ఒక గోడ ఉంది. ఆ రోజు మేము కూర్చున్నది ఆ గోడ నీడనే. టేపు కొస ఆమె చేతికిచ్చి గోడకు ఆనించి పట్టుకోమన్నాను. కంచె తీగలు ఎత్తి, చొక్కా చిరిగినా దూరి, గట్టు మూల దాకా నడిచాను. కిత్తనార మొద్దులు ఇంకా ఉన్నాయి. వంగి అంకె చూశాను. ముప్పై ఎనిమిది మీటర్లు.

ఆమె అక్కడి నుంచే ఎంతని అడిగింది. చెప్పాను.

"ఇంతేనా అన్నా?" అంది.

ఇంతే. గొలుసు పట్టినా, టేపు పట్టినా, ఇప్పుడు వచ్చిన మిషన్లు పట్టినా, ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇంతే. రాయి మీద చెయ్యి పెట్టి చూడకుండా 'ఉంది' అని రాయొద్దు. నేను ఆ ముప్పై ఎనిమిది మీటర్లు నడవడానికి నలభై ఏళ్లు పట్టింది. నడిచి వచ్చేసరికి ఆమె టేపు కొస ఇంకా గోడకు ఆనించి పట్టుకునే ఉంది.