కుడివైపు కనిపించిన గోళ్లరంగు

ఏళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ముందు రూత్‌కే చెప్పేదాన్ని కదా!

రూత్ నా స్నేహితురాలు. మెదక్ నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. మాది హిమాయత్‌నగర్, తాతగారి ఉద్యోగం పేరు చెప్పి గుంటూరు నుంచి వచ్చినవాళ్లం. అబిడ్స్‌లో కంప్యూటర్ క్లాసులో కలిశాం. ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో సర్కస్ చూసి వచ్చినప్పటి నుంచి రూత్‌కు ఒంటిచక్రం సైకిల్ పిచ్చి పట్టింది. ఆమె నుంచి నాకంటుకుంది. నాంపల్లి షాపులో మామూలు సైకిల్ ఫోర్కుకు లావు టైరు వేయించి చెరొకటి కట్టించుకున్నాం. ఆదివారం పొద్దున్నే అబిడ్స్‌లో షాపులు తెరవకముందు సందుల్లో మెట్లు దిగుతూ తొక్కేవాళ్లం. చర్చికి టైమైందని రూత్ వెళ్లిపోయాక కూడా నేను ఇంకో గంట తొక్కేదాన్ని. అయినా ఆమెను అందుకోలేకపోయాను. ఒళ్లు మండేది. ఎందుకు రాదు నాకు? ఆమెకున్నవీ రెండు కాళ్లే కదా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సైకిల్‌కి ఎడమ పెడల్ మర ఒకలా ఉంటుంది, కుడి పెడల్ మర దానికి తిరగబడి ఉంటుంది. ఒంటిచక్రానికి ముందూ వెనకా తేడా కనిపించదు. సీటు తీసి మళ్లీ పెట్టేటప్పుడు పొరపాటున అటుదిటు తిప్పి పెడితే ఎడమది కుడివైపుకి వస్తుంది. ఇక ఎంత గట్టిగా బిగించినా, తొక్కేకొద్దీ పెడల్ దానంతటదే వదులై ఊడిపోతుంది. ఆ తికమక లేకుండా రూత్ ఎడమ పెడల్ కడ్డీకి ఎర్ర గోళ్లరంగు పూసింది. సుల్తాన్ బజార్‌లో ఆ సీసా బేరమాడి కొన్నది నేనే.

ఊరి బయట గుట్టల్లో ఒంటిచక్రం సైకిళ్ల పోటీ పెట్టారు. గెలిచిన ఒక్కరినే ఊటీ పోటీకి పంపిస్తామన్నారు. సైకిళ్లు ఆటోలో పట్టవు కాబట్టి ఎప్పట్లాగే సీట్లు ఊడదీసి ఎక్కించి, అక్కడికెళ్లాక బిగించుకున్నాం. రూత్ తన సీటు బిగించి, పెడళ్లు కూడా ఒకసారి పానాతో లాగి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

“ఏమే, జర చూడవే. అంతా బరాబర్ ఉందా?”

చూశాను. ఎర్ర రంగు కుడివైపు ఉంది.

“బానే ఉంది. పద,” అన్నాను.

అంతే. నేనేం విరగ్గొట్టలేదు, ఏం దాచలేదు. అడిగితే ఒక మాట అన్నాను. ఈ సమర్థింపు నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో! మహా అయితే పెడల్ ఊడి దిగిపోతుంది, వెనకబడుతుంది, అంతకంటే ఏం కాదులే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? పోటీ దారి మధ్యలో ఉన్న రాళ్ల దిగుడు ఎలాంటిదో నాకు తెలియదా? వారం ముందే ఇద్దరం కలిసి ఆ రాళ్ల మీద దిగి చూశాం.

సగం దారిలో, ఆ దిగుడులోనే, నా కళ్లముందే రూత్ కాలి కింద పెడల్ ఊడింది. బండమీద మోకాలు కొట్టుకున్న చప్పుడు విన్నాను. జనం పరిగెత్తారు. నేను పక్కనుంచి తొక్కుకుంటూ పోయి గెలిచాను. తిరిగొచ్చి, ఎవరూ ఆ సైకిల్ వంక సరిగా చూడకముందే, ఆటోలో ఎక్కించాలి కదా అన్నట్టు దాని సీటు ఊడదీశాను. ఎప్పుడూ చేసే పనే. సీటు లేకపోతే ఏది కుడో ఏది ఎడమో తెలియదు. ఎవరికి అనుమానం వస్తుంది?

ఊటీ వెళ్లాను. మొదటి మలుపులోనే పడ్డాను. నవ్వుకోండి.

రూత్ మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. దవాఖానలో చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ తనే చెప్పింది, పెడల్ తాను సరిగ్గా బిగించుకోలేదని. మంచం పక్కన కూర్చుని ఆ మాట విన్నాను, యాపిల్ కోసి ఇచ్చాను. ఇప్పటికీ అదే చెబుతుంది. నాకు కోపమొస్తుంది. ఆమె మీదే వస్తుంది, చూడండి నా బుద్ధి! ఒక్కసారైనా నన్ను అనుమానించొచ్చు కదా? అలా నిలదీస్తే ఒప్పేసుకునేదాన్నేమో. అదీ ఆమే చేసిపెట్టాలి నాకు.

మొన్న వాళ్లింటి నుంచి అబిడ్స్‌కు బయల్దేరాం. తాళం వేసింది. మెట్లు దిగింది, ఒక్కో మెట్టూ రెయిలింగ్ పట్టుకుని. మళ్లీ ఎక్కింది, తాళం లాగి చూసింది. గ్యాస్ కట్టేసిందో లేదో చూడాలని తాళం తీసి లోపలికెళ్లింది. వచ్చి నవ్వింది.

“ఏం చేయాలే, గప్పటి సంది నా చేతుల మీద నాకే నమ్మకం లేదు.”

మోకాలి సంగతి తెలిసి ఇన్నాళ్లూ బతికాను. ఇది మాత్రం మొన్నటిదాకా తెలియదు. ఆటో పిలిచాను.

ఆమెకు చెబుతానా? తెలియదు, మాటివ్వను. క్షమించమని మిమ్మల్ని అడిగి లాభం లేదు, మీ మోకాలు కాదు అది. కానీ ఎవరో ఒకరికి చెప్పాను, ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. రూత్ ఆ రోజు పెడళ్లు గట్టిగానే బిగించింది. ఆమె చేతుల్లో ఏ లోపమూ లేదు. ఎర్ర రంగు కుడివైపు ఉంది. నేను చూశాను.