పాతర పక్కన మురుగు కాలువ

పంచాయతీ మెంబరుగా ఉన్న కాలంలో నేను పట్టుబట్టి చేయించిన పని ఒక్కటే: మా క్యాంపు చివరి పొలాల అడుగు నుంచి వాగు దాకా ఒక మురుగు కాలువ. దాన్ని తవ్వించడానికి పడ్డ శ్రమ కంటే, తవ్విన తర్వాత దాన్ని కాలువగా నిలపడానికి పడ్డ శ్రమ ఎక్కువ. ఇప్పటికీ నా ముందు ఎవరైనా ప్రజాసేవ అన్న మాట ఎత్తితే నాకు కనిపించేది బురదలో దిగబడిన నా చెప్పులే.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు సింధనూరు తాలూకాకు అందిన కొత్తలో, అక్కడున్న కొద్దిపాటి మాగాణి అమ్మి ఇక్కడ నల్లరేగడి కొనుక్కున్నవాళ్ళలో మా నాన్న ఒకరు. గోరేబాళ వైపు వెళ్ళే బండిబాటకు ఎగువన, అలా వలస వచ్చినవాళ్ళం కట్టుకున్న మా క్యాంపు, దిగువన పాత ఊరు. నేను సివిల్ డిప్లొమా చదివి, కొన్నాళ్ళు రోడ్డు పనుల్లో సర్వే చేసి, ఆ తర్వాతే పొలానికి వచ్చాను. వస్తూ వస్తూ నేల ఎత్తుపల్లాలు కొలిచే పాత డంపీ లెవెల్ ఒకటి కొని తెచ్చుకున్నాను. నన్ను మెంబరుగా నిలబెట్టడానికి మా క్యాంపు పెద్ద చూపిన అర్హత కూడా అదే. కోస్తాలో ఆయనదీ మా ఊరే. చుట్టరికం లేకపోయినా మావయ్యా అని పిలిచేవాణ్ణి.

"మనవాడి దగ్గర మూడుకాళ్ళ మిషనుందండీ. పంచాయతీలో ఇంకెవడి దగ్గరుందో చెప్పండి," అన్నాడాయన. పోటీ లేకుండా గెలిచాను.

నేను హాజరైన మొదటి సమావేశంలోనే పాత ఊరి అవ్వ ఒకామె లోపలికి వచ్చి, కొంగులో మూటగట్టి తెచ్చిన జొన్నలను చైర్మన్ బల్ల మీద కుమ్మరించింది. నల్లగా మురిగి, మొలకెత్తి, పులిసిన కంపు కొడుతున్న జొన్నలు.

"తీస్కపోయి మీ ఇంట్ల రొట్టె చేపియ్యి చైర్మనప్పా. తిన్నంక చెప్పు ఎట్లున్నదో."

చైర్మన్ పాత ఊరి మనిషి. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడేవాడు. ఏ కష్టానికైనా ఆయన మొదటి జవాబు "నోడోణ", అంటే చూద్దాం. జొన్నలను వేలితో పక్కకు నెట్టి అదే అన్నాడు.

"ఏం చూస్తవ్? చూసెతందుకే గద తెచ్చిన. క్యాంపోల్ల నీల్లు నా పాతర్లకు దిగినయి. ఇగో, ఈయప్పనే గద క్యాంపు మెంబరు? నీ నీల్లు నువ్ పట్కపో నాయనా."

ఆ ఊళ్ళో జొన్నలు ఇంట్లో దాచరు. కళ్ళం పక్కన గట్టి గరప నేలలో బావిలాంటి గొయ్యి తవ్వి, చుట్టూ జొన్నచొప్ప పేర్చి, గింజలు నింపి, మూతిని బండతో మూసి మట్టితో మెత్తుతారు. అదే పాతర. ఎలుక రాదు, పురుగు రాదు, గింజ ఏళ్ళ తరబడి చెడదు. ఈ పద్ధతికి ఒకే ఒక షరతు ఉంది: చుట్టూ నేల పొడిగా ఉండాలి. ఎప్పటి నుంచో పొడిగా ఉన్న నేలే అది. మేము వచ్చి, ఎగువన రెండు పంటలూ వరి పెట్టి, మడి నుంచి మడికి నిండుగా నీళ్ళు పారించడం మొదలుపెట్టాకే అది చెమ్మగిల్లింది. మా చివరి మడి నుంచి పొంగిన నీళ్ళు బండిబాట దాటి కళ్ళం పక్క పల్లంలో నిలిచి, లోపలికి ఇంకిపోయేవి.

అవ్వకు రెండు పాతరలు. ఒకటి పోయింది. రెండోది ఇంకా మూత తీయలేదు. తిండికని బయట ఉంచుకున్న కొద్ది గింజలు అయిపోయాక, ఆమె, భర్తను పోగొట్టుకున్న కోడలు, వచ్చే జొన్న పంట దాకా బతకవలసింది దాని మీదే. వేసవిలో కాలువ కట్టేసిన నెలలు నడుస్తున్నాయి కాబట్టి ప్రస్తుతం పల్లం ఎండి ఉంది. మళ్ళీ నీళ్ళు వదిలేలోగా ఏదో ఒకటి చేయకపోతే రెండోదీ బల్ల మీదికి రావడం ఖాయం.

మరునాడే లెవెల్ పెట్టి చూశాను. చాలా సులువైన పని. బండిబాట వారగా, మా చివరి పొలాల గట్టు కింద నుంచి వాగు దాకా సరిపడా వాలు ఉంది. రాయి తగలదు, వంతెన అక్కర్లేదు. కాగితం మీద గీత గీసినంత తేలిక. నాకు కోపం తెప్పించినది కూడా ఆ తేలికే. ఇంజనీరింగులో కష్టమైన పని ఆగిపోతే ఒక గౌరవం ఉంటుంది.

నీటిపారుదల ఆఫీసులో అడిగితే, కాలువ నుంచి పొలానికి వెళ్ళే నీళ్ళు తమవనీ, పొలం నుంచి బయటికి వచ్చే నీళ్ళు తాలూకా బోర్డువనీ చెప్పారు. తాలూకా బోర్డులో అడిగితే, అవి కాలువ నీళ్ళే కనుక నీటిపారుదల వాళ్ళవేనన్నారు. ఒకే నీళ్ళు మడిగట్టు దాటగానే యజమానిని మార్చుకోవడం నేను చదివిన పుస్తకాల్లో లేదు. ఇలా రెండు ఆఫీసుల మధ్య బస్సుల్లో తిరిగి, చివరకు ఇంటికొక మనిషిని పంపితే మనమే తవ్వుకుందామని సమావేశంలో చెప్పాను.

"మంచి ఆలోచనే," అన్నాడు చైర్మన్. "మరి ఎవరు తవ్వాల? నీల్లు మీవి గద."

మావయ్య దానికి సిద్ధంగా ఉన్నాడు. "పల్లం మీదండీ. మేమేమన్నా మీ ఊరిని పల్లంలో పెట్టామా?"

"మీరు రాకముందు నుంచి ఉన్నది మా పల్లం."

"అదేనండీ నేననేదీ. పాత పల్లం. మాకేం సంబంధం?"

చెరి సగం తవ్వడానికి ఒప్పించేసరికి ఎండలు ముదిరాయి. పై సగం క్యాంపు, కింది సగం ఊరు. నేను మేకులు పాతి, తాడు కట్టి, లోతు చెప్పాను. మావాళ్ళ భాగం చూడముచ్చటగా వచ్చింది. రెండు వైపులా గట్లు చెక్కి, చదును చేసి, పంటబోదెలాగా తీర్చారు. మురుగు పోయే కాలువకు ఇంత సింగారం ఎందుకని అప్పుడే అనుమానించవలసింది. మంచి పనివాళ్ళని సంతోషించాను.

తుంగభద్ర కాలువకు నీళ్ళొచ్చాయి. మడులు నిండాయి. మిగిలిన నీళ్ళు కొత్త కాలువలో పడి, నేను లెక్కవేసినట్టే వాగులోకి జారిపోయాయి. కళ్ళం పక్క పల్లం పొడిగానే ఉంది. ఆ వారం నేను చాలా మర్యాదస్థుడిలా నడిచాను.

తర్వాతి వారం అవ్వ కోడలు మా ఇంటికి వచ్చింది. "అవ్వ రమ్మంటున్నది. పల్లంల మల్ల నీల్లు నిలిసినయి."

నమ్మలేదు. లెక్క తప్పే అవకాశం లేదు. కాలువ వెంబడి నడుచుకుంటూ వెళితే, సగం దూరంలో, మావయ్య పొలం పక్కన కాలువకు అడ్డంగా నీటుగా వేసిన మట్టికట్ట కనిపించింది. ఎగదన్నిన నీళ్ళలో కొంత పక్కకు తెగ్గొట్టిన గండిలోంచి మావయ్య కొత్త ఆకుమడిలోకి వెళుతున్నాయి. మిగతావి గట్టు పొర్లి పల్లంలో దిగుతున్నాయి. మావయ్య ఆకుమడి గట్టున నిలబడి నారు చూసుకుంటున్నాడు.

"మావయ్యా, ఇది మురుగు కాలువ."

"అవునురా అల్లుడూ. నేను కాదన్నానా?"

"మురుగు కాలువకు అడ్డుకట్ట వేస్తారా ఎవరైనా?"

"పోయే నీళ్ళేగదరా! ఊరికే వాగులో పడి పోతున్నాయి. చూస్తూ చూస్తూ ఎలా వదిలెయ్యమంటావ్? మనూళ్ళో శివారు భూములకి నీళ్ళందక మీ తాత గట్టుమీద కాపలా పడుకునేవోడు, తెల్సా? పారే నీళ్ళని తోలెయ్యడానికి చెయ్యెలా వస్తదిరా నీకు?"

ఇదీ మావాళ్ళతో వచ్చిన చిక్కు. వాళ్ళు దొంగలు కాదు, అవ్వ మీద పగ ఉన్నవాళ్ళూ కాదు. డెల్టా చివర పుట్టి నీటిచుక్క కోసం కొట్టుకున్నవాళ్ళ కళ్ళకు, పారుతున్న నీళ్ళు ఎక్కడ కనిపించినా అది పంటకాలువే. మురుగు అన్న మాటను నోటితో అంటారు గాని చేత్తో ఒప్పుకోరు. నేను కట్ట తెంచాను. రెండు రోజుల్లో మళ్ళీ వేశారు. మళ్ళీ తెంచాను. ఈసారి ఎదురింటాయన కూడా తన ముక్కకు ఇంకో కట్ట వేసుకున్నాడు, మావయ్యకు ఉన్న వీలు తనకెందుకు ఉండకూడదని.

క్యాంపువాళ్ళను మాత్రమే నిందించి ఊరుకుందామంటే ఆ అదృష్టమూ లేదు. ఊరివాళ్ళు తవ్విన కింది సగంలో, వాగుకు కాస్త ముందు, బండరాళ్ళు వరుసగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక నిలిచిన నీళ్ళలో బర్రెలు మెడల దాకా మునిగి కళ్ళు మూసుకున్నాయి. గట్టున ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. బర్రెలు చైర్మన్‌వి.

"జెర చల్లదనానికి," అన్నాడాయన, నేను అడిగితే. "మూగజీవాలు గద. మీ క్యాంపోల్లు ముందు తీయనీ, మేము తర్వాత తీస్తం."

"మీ రాళ్ళ వల్ల పైన కూడా నీళ్ళు ఎగదన్నుతున్నాయండీ. ముందు మీవి తీయాలి."

"నోడోణ."

సమావేశం పెట్టించాను. కాలువకు ఎవరూ అడ్డం వేయరాదని తీర్మానం చదివితే, మావయ్యతో సహా అందరి చేతులూ లేచాయి. చైర్మన్ రెండు చేతులూ ఎత్తాడు. బయటికి వచ్చాక మావయ్య నా భుజం తట్టి, "చాలా మంచి తీర్మానంరా. ఊడ్పులయ్యాక అమల్లో పెడదాం," అన్నాడు.

ఈ సంగతి చెప్పడానికి అవ్వ దగ్గరికి వెళ్ళాను. నా మెంబరుగిరీలో అంత చేదైన నడక మరొకటి లేదు. పాతర మూతి చుట్టూ నేలను అరచేత్తో తడుముతూ కూర్చుని ఉంది. చెమ్మ ఇంకా అక్కడి దాకా రాలేదు. కొన్ని అడుగుల దూరంలో ఆగి ఉంది.

"అందరు చెయ్యెత్తిన్రా?"

"ఎత్తారు."

"చేతులు ఎత్తితే నీల్లు దిగుతయా అప్పా?" అని లేచి, మంచం నెత్తిన పెట్టించుకుని, తిన్నగా మావయ్య కట్ట దగ్గరికి వెళ్ళింది. కోడలు పారతో ఒక్క పెట్టున ఆ కట్టనూ ఎదురింటాయన కట్టనూ తీసేసింది. ఆ చోటే తుమ్మచెట్టు నీడలో అవ్వ మంచం వాల్చింది. పొద్దున వచ్చేది, దీపాల వేళకు వెళ్ళేది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తెచ్చుకునేది. ఎవరైనా పార పట్టుకుని అటుగా వస్తే, "రా నాయనా, ఎవరి కొడుకువి? నా పాతర్ల మొలకలు చూస్తవా?" అని ఆప్యాయంగా పిలిచేది.

మావయ్య మొదటి రోజు అరిచాడు. రెండో రోజు గొణిగాడు. మూడో రోజు వాళ్ళావిడ అవ్వకు మజ్జిగ పంపింది. దాంతో పోరు ముగిసింది. ఇంటి మజ్జిగ తాగుతున్న మనిషి ఎదుట కట్ట వేయడం మా వైపు మర్యాద కాదు. చైర్మన్ రాళ్ళ సంగతి కూడా ఆమే చూసింది. ఒక సాయంత్రం అక్కడికి మంచం మోయించుకుని వెళ్ళి, బర్రెలు ఎవరివని వచ్చేపోయే ప్రతివాళ్ళనూ గట్టిగా అడుగుతూ కూర్చుంది. తెల్లారేసరికి రాళ్ళు లేవు. ఇక్కడ నా లెవెల్ చేయగలిగింది ఏమీ లేకపోయింది.

వరి కోతల వేళ, బయట ఉన్న గింజలు అయిపోయాక, రెండో పాతర తెరిచారు. బండ తొలగించి, లోపలి గాలి పోయేదాకా చాలాసేపు వదిలేశారు. తర్వాత తాడు కట్టి దీపం దించారు. ఆరిపోతే మనిషి దిగకూడదు. దీపం నిలకడగా వెలిగింది. కోడలి అన్న దిగి, మొదటి బుట్ట అందించాడు. అవ్వ పిడికెడు తీసుకుని ఒక గింజ కొరికింది. చిటుక్కుమన్న చప్పుడు మాకూ వినిపించింది. అడుగున గింజ కూడా అలాగే ఉందని లోపలి నుంచి అరిచాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

"నేను ముందే చెప్పినా గద, చూద్దామని," అన్నాడు చైర్మన్.

"మావాళ్ళు తవ్విన సగం అలా ఉందండి మరి," అన్నాడు మావయ్య.

అవ్వ నన్ను పక్కకు పిలిచింది. కాలువకూ కళ్ళానికీ నడుమ ఆమెకు చిన్న చేను ఉంది.

"మెంబరప్పా, ఆడ కాల్వకు ఓ కట్ట వేపియ్యి. వచ్చే కారు నా చేన్ల వరి పెడ్త."

"అవ్వా, ఆ చేను పాతరకు పక్కనే ఉంది. అక్కడ వరి పెడితే ఆ నీళ్ళు తిన్నగా నీ పాతరలోకే దిగుతాయి."

"దిగనీ. జొన్నలు సంచులల్ల పోసి అటక మీద పెడ్త."

"మరి ఇన్నాళ్ళూ నన్ను ఇంత యాతన పెట్టింది దేనికి?"

ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. "మీ నీల్లు నా పాతర్లకు వచ్చుడు వేరప్పా. నా నీల్లు నా పాతర్లకు వచ్చుడు వేరు."

కుదరదన్నాను. చూడకుండా ఎట్ల చెప్తవని అడిగింది. అది న్యాయమైన ప్రశ్న. మరునాడు లెవెల్ భుజాన వేసుకుని వెళితే, ఆమె మంచం అప్పటికే కాలువ గట్టున ఉంది. అంకెలున్న కొయ్య పట్టుకోవడానికి మనిషి లేడంటే, తెమ్మని చేయి చాపి, తానే చేను మధ్యలో నిలబెట్టి పట్టుకుంది. వాలుగా పట్టుకుంది. నిలువుగా పట్టమని ఎన్నిసార్లు కేక వేసినా వాలుగానే పట్టుకుంది. అలా పట్టుకుంటే అంకె ఎక్కువ వచ్చి, చేను ఉన్నదానికంటే పల్లంగా కనబడుతుందని దగ్గరికి వెళ్ళి వివరించాను.

"అట్లయితే ఇంకేంది," అంది, కొయ్యను ఇంకాస్త వాల్చి. "నీల్లు మంచిగొస్తయి."