ముడుచుకోని గొడుగు

రెండువేల నాలుగు ప్రాంతంలో నాకు భద్రాచలంలో సైకిల్ షాపు ఉండేది. గోదావరి బ్రిడ్జి మీద గాలికి మడత గొడుగు తిరగబడుతోందని విసిగి, దాని పుల్లలు పీకేసి సైకిల్ చువ్వలు వేశాను. కీళ్లన్నిటికీ నట్లు బిగించాను.

అమ్మతో కలిసి సారపాకకు పెళ్లిచూపులకు వెళ్తూ దాన్నే పట్టుకెళ్లాను. బ్రిడ్జి మీద అందరి గొడుగులూ తిరగబడ్డాయి, నాది కదల్లేదు. తీరా పిల్ల వాళ్లింటి గుమ్మంలో అది మూతపడలేదు. తెరిచి ఉండగానే నట్లు బిగించేశానని అప్పుడు వెలిగింది. ఎంత లాగినా లాభం లేక వాకిట్లో వదిలేసి లోపల కూర్చున్నాను.

టీ తాగి వచ్చేసరికి ఒక తల్లికోడి పిల్లలతో సహా దాని కింద వానకు తలదాచుకుంది. గొడుగు తీయబోతే ఎగిరి నా మీదికొచ్చింది. నేను పరుగెత్తి, గుమ్మంలో నిలబడ్డ పెళ్లికూతురి వెనక నక్కాను.

"గొడుగు గట్టిదే బిడ్డా, గాలికి ఆగింది. నువ్వు కోడికి ఆగకపోతివి" అంది వాళ్ల నాయనమ్మ.

అప్పటిదాకా తల వంచుకున్న పిల్ల పకపకా నవ్వింది. సంబంధం ఖాయమైంది. గొడుగు అడిగితే మాత్రం, "పిల్లలు పండుకున్నయ్, ఉండనీయ్" అన్నారు.

కాబోయే అల్లుణ్ని అయ్యుండీ వానలో తడుస్తూ బ్రిడ్జి దాటాను.